లాగు మాస్టారు

“మా నాన్నని లాగు విప్పమంటావా? డెబ్బై ఏళ్ల మనిషిని! అదీ ఫోన్లో!”

“విప్పమనలేదు సార్. తెరవమన్నాను.”

“రెండింటికీ తేడా ఏంటయ్యా?”

ఆ అరుపులకు ఇటువైపు టైలరు కుట్టు మిషన్ ఆపాడు. గదికి మధ్యలో అడ్డంగా ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. అటు ఏం మాట్లాడినా ఇటు బొత్తాలకు కూడా వినపడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినావిడ గుడ్డ మడిచి సంచిలో పెట్టేసుకుంది. “రేపొస్తాలే అన్నా” అని మెట్లు దిగిపోయింది. ఆ రేపు రాదని టైలరుకు తెలుసు. ఈ నెలలో గిరాకీ ఇలా పోవడం ఇది మూడోసారి.

చెక్కకు అటువైపు కూర్చునే మనిషి, తెరవగానే మూసుకుపోయే కంప్యూటర్ ఆటల్ని బాగు చేస్తాడు. ఆట చచ్చేముందు తనేం చేసిందో, ఎక్కడ ఆగిందో ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. మన నోట్లో పడ్డ మాట చివర్లో అచ్చు తగిలించుకోకుండా బయటికి రాదు కాబట్టి అది లాగు అయింది. ఎవరొచ్చినా “ముందు లాగు చూడాలండీ” అన్నదే ఆయన మొదటి మాట. పక్కనే లాగులు కుట్టే మనిషి ఉండటం ఆయన ఖర్మ. జనం ఆయనకు లాగు మాస్టారని పేరు పెట్టి ఊరుకున్నారు. ఒకసారి ఒక బ్యాంకు గుమాస్తా వచ్చి “లాగు చూపించమన్నారు” అంటే, టైలరు నడుమూ పొడవూ కొలిచి పుస్తకంలో రాసేసుకున్నాడు కూడా. గుమాస్తా నోరెత్తకుండా నిలబడ్డాడు. ఆటకు అది కూడా కావాలేమో అనుకున్నాడట.

గది టైలరుది. ఆయన పోయిన వారమే తేల్చి చెప్పాడు. “తమ్ముడూ, లాగు మీద ఇంకొక్క గొడవ అయిందా, నీ బల్ల బయట.” మాస్టారు తల ఊపాడు. అంతకుముందు పదకొండేళ్లు ఆయన ఒక గేముల సెంటర్లో పనిచేశాడు. అది మూతపడితే ఒక కుర్చీ మాత్రం ఎత్తుకుని ఇక్కడికి వచ్చాడు. ఇక్కణ్ణుంచి ఆ కుర్చీని ఎక్కడికి ఎత్తుకుపోవాలో ఆయనకు తెలియదు.

ఇప్పుడు మాస్టారి బల్ల ముందు నిలబడి అరుస్తున్నవాడి తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు. చూపు మందగించింది, ఇక రోడ్డు మీద బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక ఆయన బస్సు నడిపే కంప్యూటర్ ఆటలో పడ్డాడు. కొడుకు ముచ్చటపడి కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాతదాంట్లో దర్జాగా నడిచిన బస్సు కొత్తదాంట్లో ఎనిమిది రోజులుగా కదలడం లేదు.

టైలరు చెక్క పక్కనుంచి తల పెట్టాడు. “బాబూ, మీ నాన్న ఖాకీ ప్యాంట్లు రిటైరయ్యేదాకా నేనే కుట్టాను. ఇతన్ని తీసుకుని నేనూ వస్తా, పద.” తర్వాత మాస్టారితో గొంతు తగ్గించి అన్నాడు. “పెద్దాయన బస్సు కదిలిందా సరే. లేదా, సాయంత్రం బల్ల తీసెయ్.”

రెండో అంతస్తు. బల్లకు స్టీరింగు బిగించి ఉంది. పెద్దాయన ఇంట్లో చెప్పులేసుకుని కూర్చున్నాడు. ఒట్టికాలు బ్రేకు మీద ఆనదట.

“ఏమవుతోంది పెద్దాయనా?”

“తాళం తిప్పగానే ఒక దగ్గు దగ్గి ఆగిపోతోంది బాబూ.”

“గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నాడు ఒకడు,” కొడుకు అందుకున్నాడు. “ఇంకొకడు మొత్తం చెరిపేసి మొదట్నుంచి ఎక్కించాలన్నాడు. ఆటని నేనే మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టా. నువ్వొచ్చి లాగు అంటావ్.”

మాస్టారు ఆటను ఒకసారి తెరిచాడు. మూసుకుపోయింది. వెళ్లి ఆ ఫైలు వెతికి చివరి నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. దేన్నీ మార్చలేదు, తీయలేదు, పీకలేదు. కత్తెర ముట్టుకోకుండా గుడ్డ తడిమి చూసుకునే మనిషిని టైలరు చాలా రోజుల తర్వాత చూశాడు. ఆ మనిషి ఇన్నాళ్లూ తన గదిలోనే ఉండటం ఆయనకు కొంచెం చిరాకు తెప్పించింది.

“కంప్యూటర్ కొన్నరోజు అది పేరడుగుతుంది. ఏం కొట్టారు?”

“మా పాప కొట్టింది,” అన్నాడు కొడుకు. “తెలుగులో. తాత అని.”

“అదీ సంగతి. ఆ పేరుతోనే లోపల ఒక ఫోల్డరు తయారవుతుంది. ఆట తన సామానంతా అందులో పెట్టుకోవాలి. ఈ ఆటకు తెలుగు రాదు. తాత అన్నచోట దానికి మూడు ప్రశ్నార్థకాలు కనపడుతున్నాయి. త, దీర్ఘం, త.” వేలితో ఒక్కోటీ చూపించాడు. “ఫోల్డరు దొరక్క చచ్చిపోతోంది.”

పెద్దాయన తెర మీదికి వంగి ఆ ప్రశ్నార్థకాల వంక చూశాడు. “ముప్పై ఆరేళ్లు నడిపానయ్యా. నీ పేరేంటని ఏ బస్సూ అడగలేదు.”

“ఇది అడుగుతుందండీ. ఇంగ్లీషు అక్షరాల్లో పేరుపెట్టి ఇంకో ఖాతా తెరవాలి.”

“కుదరదు. పాప పెట్టిన పేరు తీయడానికి వీల్లేదు. స్కూలు నుంచి రాగానే ముందు అదే చూసుకుంటుంది.”

“నాన్నా, బస్సు కావాలా, పేరు కావాలా?”

“రెండూ కావాలి. కొత్తది కొన్నది నువ్వే కదరా! పాతదాంట్లో నేను చక్కగా పోయేవాణ్ణి.”

“అంటే కొనడం నా తప్పా?”

గొంతులు లేచాయి. బల్ల వరండాలోకి పోతున్నట్టు, దాని మీద కుర్చీ తిరగేసి ఉన్నట్టు టైలరు కళ్లకు కట్టింది.

“పేరు తీయక్కర్లేదు,” అన్నాడు మాస్టారు, ఎప్పటి గొంతుతోనే. “అస్తరు ఇంగ్లీషు వేద్దాం. పైగుడ్డ తెలుగే.”

టైలరు చటుక్కున ఆయన వంక చూశాడు. ప్లైవుడ్ చెక్క మీదుగా మాటలు ఇటునుంచి అటు కూడా పోతున్నాయన్నమాట.

మాస్టారు ఇంగ్లీషు అక్షరాలతో కొత్త ఖాతా తెరిచాడు. లోపలి ఫోల్డరు ఆ పేరుతోనే తయారైంది. పాత కంప్యూటర్లో పెద్దాయన దాచుకున్న రూట్లన్నీ అందులోకి మార్చాడు. ఆ తర్వాత పైకి కనపడే పేరు ఒక్కటీ మళ్లీ తెలుగులోకి తిప్పాడు. కంప్యూటర్ మిషన్‌ని ఆపి మళ్లీ వేస్తే తెర మీద తాత అనే వచ్చింది. ఆట తెరిచాడు. దగ్గలేదు. ఇంజను అందుకుంది.

మాస్టారు లేచాడు. ఆయన ఆటలాడడు. కొన్ని వందల ఆటల మొదటి తెర చూశాడు గానీ, ఆ తర్వాత లోపల ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు, అడగడు కూడా.

“ఎక్కడికి? ఎక్కు. ఒక్క స్టేజీ,” అన్నాడు పెద్దాయన.

మాస్టారు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దాయన నిదానంగా, అద్దం చూసుకుంటూ ఒక స్టేజీ నడిపి, బస్సు తలుపు తెరిచి “దిగు” అన్నాడు. మాస్టారు స్టూలు మీదనుంచి లేచి, ఒక అడుగు పక్కకు వేసి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. కొడుకు మాత్రం గుమ్మం దాకా వచ్చి, “ఫోన్లో ఆ మాట మార్చుకో మాస్టారూ” అన్నాడు.

షాపు మెట్లెక్కుతూ టైలరు అన్నాడు. “బల్ల అక్కడే ఉండనీ. మాటే మార్చు.”

“మారిస్తే నన్నెవరూ గుర్తు పట్టరన్నా. ఊరంతా ఆ మాటతోనే వెతుక్కుంటూ వస్తారు.”

“మరి నా గిరాకీ?”

మాస్టారు ఒక మెట్టు కింద ఆగాడు. “ఒక్క సాయం చెయ్యన్నా. ఎవరైనా వచ్చి లాగు అన్నారనుకో, మనిషిదా, మిషన్‌దా అని నువ్వే అడుగు. మిషన్‌దంటే ఇటు పంపెయ్. కొలతలు మాత్రం తీసుకోకు.”