బోధన్ చెరకు తోటలో కత్తుల బేరం

పొద్దున ఏడింటికి నిజామాబాద్‌లో బోధన్ బండి ఎక్కాను. మూడో తరగతి టికెట్టు, ఒళ్ళో గోనెసంచి, అందులో నా కొలిమిలో చేసిన ముప్పై చెరకు కత్తులు. అన్నీ ఒకే కొలత. నిరుడు మూడే అమ్ముడుపోయాయి. ఈసారీ బేరం కుదరకపోతే కొలిమి మూసి కూలికి పోవాల్సిందే. నా కత్తిలో లోపం ఉందంటే మాత్రం ఒప్పుకోను, ఇరవై ఏళ్ళ చెయ్యి నాది!

జానకంపేటలో బండి చాలాసేపు ఆగింది. పక్కనున్న రైతు ఒక కత్తి తీసి చూశాడు. "మంచిగుంది గని గింత బరువేందే అన్నా? మా ఇంటోళ్ళమే చెరకు కొట్టుకుంటం, తేలికది గావాలె" అన్నాడు. కొననివాడికి వంకలెక్కువ అనుకుని కిటికీ వైపు తిరిగాను.

తొమ్మిది దాటాక బోధన్‌లో దిగి, చాయ్ తాగి, ఎడ్లబండి మీద తోటకు చేరాను. ఆ దారిలో హోటళ్ళు లేవు, పోయేవాళ్ళు సద్ది కట్టుకోవడం మంచిది. తోట నిండా మరాఠీ కూలీలు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక లెక్క, ఆ జంటనే 'కోయతా' అంటారు. కోయతా అంటే కత్తి. జంటకొక కత్తి చాలనే లెక్కతోనే తెచ్చాను. మగవాళ్ళు తిప్పి చూసి, పిడి పొట్టి, నడుము విరుగుతుందన్నారు. నాకు ఒళ్ళు మండింది.

గంగూబాయి అనే ఒకామె, తన మొగుడు నరికిన గడల ఆకు ఒట్టి చేతుల్తో ఒలుస్తోంది. అరచేతులు చీరుకుపోయాయి.

"నువ్వు కత్తి పట్టవా అవ్వా?"

"జోడీకి ఒక్కటే కోయతా, దాదా. అది ఆయన చేతిల ఉంటది. నా చేతికి కత్తి ఎవ్వడు చేసిండు?"

అబ్బ, ఎంత సిగ్గేసిందో! ఆ మాట ఒక్కనాడూ నాకు తోచలేదు.

పన్నెండింటికి బోధన్ బజారులో తెలిసిన కమ్మరి కొలిమి అడిగాను. "పిస్స లేసిందా? మంచి కత్తిని ఖరాబ్ చేస్తవా?" అంటూనే తిత్తి ఊదాడు. ఒక కత్తిని కురచ చేసి, వీపున చిన్న కొక్కెం వంచి, సన్న పిడి వేశాను. ఇంకోదానికి మూరెడు పిడి.

మూడింటికి మళ్ళీ తోటలో ఉన్నాను. గంగూబాయి కొక్కెం తగిలించి లాగితే ఆకు సర్రున ఊడింది. నవ్వుతూ అందరినీ కేకేసింది. పొడుగు పిడి కోసం మగవాళ్ళు తోసుకున్నారు. ఆ రెండూ అక్కడే అమ్ముడుపోయాయి, మిగతావాళ్ళు తమ చేతుల కొలతలిచ్చి బయానా పెట్టారు.

ఆరింటి బండిలో ఇరవై ఎనిమిది కత్తులూ మోసుకుని తిరిగొస్తున్నాను, సంతోషంగా. కండువా నిండా బొగ్గుతో గీసుకున్న అరచేతులు చూసి ఎదుటాయన అడిగాడు: "గివెవ్వరి చేతులే?"

"నా గిరాకులయి. గీ కత్తులన్నీ గీ చేతులకు సరిపోయేటట్టు మార్చాలె."

కొలిమి మూసే పని లేదిక. గంగూబాయి జంటను లోకం ఒక్క కోయతా అనుకోనీ, నా లెక్కలో మాత్రం రెండు.