బాపు దినాలనాడు నా గడ్డం

సినిమాల్లో పదిహేనేళ్లు గుంపులో ఒకడిగా నిలబడ్డాను. పంచాయితీలో తలూపేవాణ్ణి, పెళ్లిలో విస్తరి ముందు కూర్చునేవాణ్ణి. అంతకుముందు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తూ, సెలవు దొరికినప్పుడు నాటకాలాడేవాణ్ణి. చివరికి ఒక దర్శకుడికి నా మొహం నచ్చి, ఊరవతల గుడిసెలో బతికే పిచ్చివాడి వేషం ఇచ్చాడు. సినిమా నిండా ఉండే వేషం, నోటి నిండా మాటలు. దానికోసం ఎనిమిది నెలలు జుట్టూ గడ్డమూ పెంచాను.

కోరుట్ల దగ్గర షూటింగ్ సగమైందో లేదో ఇంటి దగ్గర మా బాపు పోయాడు. నాన్నకు పెద్దకొడుకును నేనే, కొరివి పెట్టాను. మా ఇంట్లో పదోనాడు కొడుకులు గుండు చేయించుకోవాలి. తొమ్మిదోనాడు సినిమా మేనేజర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నీ బాధ నాకెరికే. కానీ వెంట్రుక ముట్టకు. విగ్గు పెడితే దగ్గరి షాట్ల దొరికిపోతం. గుండయితే నీ సీన్లన్నీ వేరేటోనితోని మళ్ల తీసుడే."

కుదరదు అనాల్సింది. "సరే" అన్నాను. ఆ మాట అంత తొందరగా ఎలా అన్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మరునాడు మానేరు ఒడ్డున తమ్ముడు ముందు కూర్చున్నాడు. వాడి గుండు అయ్యాక మంగలాయన కత్తి తుడుచుకుని నావైపు చూశాడు. నేను కదల్లేదు. బాపు వాళ్లన్న, మా పెదబాపు, మండిపడ్డాడు.

"ఏందిరా, సచ్చింది నీ బాపు గాదా? లే!"

షూటింగ్ సంగతి చెప్పాను. చుట్టాలందరూ నన్నే చూస్తున్నారు. స్టేజీ మీద ఎంతమంది చూసినా బెదరనివాణ్ణి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మే అడ్డం వచ్చింది.

"ఊకో బావా. సినిమా అయినంక తీపిచ్చుకుంటడు."

సినిమా ఆడింది. పేరొచ్చింది, నాకు కాదు, గడ్డానికి. ఆ తర్వాత పిలిచిన ప్రతివాడూ దానితోనే రమ్మన్నాడు. సాధువు, బిచ్చగాడు, ఇంకో పిచ్చివాడు. ఒకటి ముగిసేలోగా ఇంకొకటి మొదలు. వద్దంటే మళ్లీ గుంపులోకే పోవాలి. అద్దంలో ఆ మొహం కనబడితే పక్కకు తిరిగిపోతాను.

మొన్న బాపు మూడో సంవత్సరీకానికి జగిత్యాల షూటింగ్ నుంచి ఒక్కరోజు అడుక్కుని ఇంటికి వెళ్లాను. అమ్మ అప్పటికే మంగలాయనను పిలిపించి, వాకిట్లో పీట వేసి ఉంచింది.

"గిప్పుడన్న కూసో కొడుకా."

"రేపు పొద్దుగాల మళ్ల షూటింగుందే అమ్మా."

అమ్మ కోప్పడలేదు. మంగలాయనకు చాయ్ ఇచ్చి పంపేసింది. తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"నేను పోయినప్పుడన్న ఖాళీగుంటవా?"