చెరిపేసిన టేపు

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా పక్క టౌన్‌హౌస్‌లో ఉండే ఇంగ్లండ్ పెద్దాయనతో నా పరిచయం దెబ్బలాటతో మొదలైంది. నా కారు వాళ్ళ పార్కింగ్‌లోకి జానెడు జరిగిందట. చేతికర్ర ఊపుతూ వచ్చి నన్ను నిలబెట్టి కడిగేశాడు. నేనూ తగ్గలేదు. మర్నాడు ఆయనే తలుపు తట్టి, టీ ఉందా అని అడిగాడు.

ఒకప్పుడు ఆయన అక్కడి టీవీలో నాటకాలు తీసిన డైరెక్టరు. స్టూడియోలో కేబుళ్ళు లాగే పనిలో చేరి, డైరెక్టరై, తర్వాత ప్రొడ్యూసరై పెద్ద పెద్ద సీరియళ్ళు తీశాడు. చివరికి ఆయన ఫోన్ ఎత్తే నాథుడు లేక ఇంట్లో కూర్చున్నాడు. భార్య పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది.

ఆ సీరియళ్ళన్నీ ఇప్పటికీ దొరుకుతాయి. "అవెవరికి కావాలి?" అని విసుక్కునేవాడు. ఆయనకు కావలసింది కుర్రతనంలో తీసిన ఒక్క నాటకం. అందులో ఆయన భార్య నటించింది. అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఆ తర్వాత ఆవిడ నటన మానేసింది. అప్పట్లో నాటకాన్ని లైవ్‌గా ఆడుతూనే టేపు మీదకీ ఎక్కించేవారు. టేపు ఖరీదు కాబట్టి కొన్నాళ్ళకి చెరిపేసి, దానిమీదే ఇంకేదో రికార్డు చేసేవారు. ఈ నాటకం మీద ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కింది.

"ఇంట్లోనన్నా ఆవిడ్ని వీడియో తీయలేదా?" అని అడిగాను. నా ఫోన్‌లో మా వాళ్ళు ఉప్మా తింటున్న వీడియోలు కూడా ఉన్నాయి.

"రోజంతా కెమెరాలతోనే చచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి కూడా అదేనా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. జన్మంతా ఊళ్ళోవాళ్ళ మొహాలు తీసిన మనిషి దగ్గర సొంత భార్య కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. కోపం దిగాక జాలేసింది. పాత టీవీ రికార్డింగులు పోగుచేసేవాళ్ళని ఆన్‌లైన్‌లో వెతికి పట్టుకుని వరసగా మెయిల్స్ పెట్టాను.

"వీకెండ్ మొత్తం ఆ తాత కోసం సెర్చ్ చేస్తూ కూచుంటవా? గ్రోసరీస్ ఎవరు తెస్తరు?" అన్నాడు మా ఆయన.

"నువ్వే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి తెచ్చుకో" అన్నాను.

ఒక శనివారం పొద్దున ఇంగ్లండ్ నుంచి ఒకాయన జవాబిచ్చాడు. ఎవరింట్లోనో అటక మీద ఆ నాటకం దొరికిందట, ఫైల్ పంపాడు. తెరిచి చూసుకునే ఓపిక నాకెక్కడిది? లాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తాను. పెద్దాయన తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు.

తెర నల్లగా ఉంది. ఎంతసేపటికీ నల్లగానే ఉంది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. ఎవరో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని శబ్దం మాత్రమే పట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కూతురు ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. నేను ఫైల్ ఆపబోతే పెద్దాయన వద్దని చెయ్యెత్తాడు.

కళ్ళు మూసుకుని చిటికెలు వేయడం మొదలుపెట్టాడు. "రెండో కెమెరా. ఇప్పుడు మూడు. ఇంకా దగ్గరికి." ఏ మాటకి ఏ కెమెరా బొమ్మ టీవీలోకి వెళ్ళాలో అన్నీ గుర్తున్నాయి. అంతలో లేతగా ఒక ఆడగొంతు వినిపించింది. చిటికెలు ఆగిపోయాయి.

"ఇప్పుడేది?" అన్నాను మెల్లగా.

"ఒకటి. ఆమె మొహం." కళ్ళు తెరవకుండానే అన్నాడు, "నేను చూడలేదు."

"అదేమిటి?"

"డైరెక్టరు చూడాల్సింది వెళ్తున్న బొమ్మని కాదు, తర్వాత వెళ్ళబోయేదాన్ని. తను మాట్లాడుతున్నంతసేపూ మూడో కెమెరాలో తలుపు సరిగ్గా కుదిరిందా లేదా అని చూస్తున్నాను. తనని తర్వాత టేపులో చూసుకోవచ్చులే అనుకున్నాను."

ఇన్నాళ్ళూ ఆయన మళ్ళీ చూడాలని తపిస్తున్నాడనుకున్నాను. ఒక్కసారైనా చూడలేదని తెలిశాక నా వల్ల కాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

నాటకంలో ఆయన భార్య మాటలు అయిపోయాయి. వెంటనే ఆ టేప్‌రికార్డర్ మైకుకి బాగా దగ్గరగా, ఆ రోజు టీవీలో నాటకం చూస్తున్న ఇంటావిడెవరో అంది: "అబ్బ, ఎంత బావుందో ఆ పిల్ల!"

పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"వెనక్కి తిప్పు."

తిప్పాను. ఆ మాట మళ్ళీ వినిపించింది.

"తనని ఆ ఇంటావిడ చూసింది" అన్నాడు.