సైకిలు ట్యూబు చుట్టిన తీగ

నాకు ఓపిక తక్కువ. బండ్ల కరెంటు పని చేసేవాడికి అసలు ఉండకూడని గుణం అది. తీగ ఎక్కడ తెగిందో వెతకాలంటే గంటల తరబడి ఒక్కచోట కూర్చోవాలి. నాకేమో పావుగంట దాటితే కాళ్ళు నిలవవు. ఎవరినో ఒకరిని తిట్టాలి. ఎదురుగా ఎవరూ దొరక్కపోతే, నాకంటే ముందు ఆ బండి మీద చెయ్యిపెట్టిన మెకానిక్కును తిట్టుకుంటాను. వాడెలాగూ అక్కడ ఉండడు, తిరిగి అనడు.

రేణిగుంట రోడ్డులో నాకు చిన్న షెడ్డు ఉండేది. ఒకరోజు పొద్దున్నే నాయుడుపేట దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీ కోసం నేల చదును చేస్తున్నారు. కాంట్రాక్టరు చిత్తూరు మనిషి, అంతవరకూ మామిడికాయల వ్యాపారం చేసి కొత్తగా ఈ పనిలోకి దిగాడు. సెకండ్ హ్యాండులో మట్టి తవ్వే ఎక్స్‌కవేటరు కొన్నాడు. ఇంజను కొత్తగా బోరు చేయించిన బండి అని అమ్మినవాళ్ళు చెప్పారట. నెల తిరక్కముందే ఇంజను రెండుసార్లు కాగిపోయి ఆగిపోయింది.

నేను వెళ్ళేసరికి బండి నీడలో ఒక పెద్దాయన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనే ఆపరేటరు. యాభై దాటి ఉంటాయి.

"మీటరు సూడబ్బా," అన్నాడు కాంట్రాక్టరు నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించి. "ముల్లు సగం కాడే ఉండాది. ఇంజను కాగితే ముల్లు పైకి పోవాల గదా? ఈయన నీళ్ళు సూసుకోకుండా నడిపేసి, ఇప్పుడు నామీదికే వస్తాండాడు. మీటరు బాగుండాదని నువ్వొక మాట చెప్పు సాలు. మధ్యాన్నం బస్సుకు ఈయన్ని పంపించేస్తా."

కింద నుంచి పెద్దాయన, "దినామూ నీళ్ళు సూసినానప్పా," అన్నాడు. "కాగతాంది, వాసనొస్తాంది, నిలిపేస్తానంటే ఆ ముల్లే సూపించి నడుపు నడుపు అన్నాడు. నేనేం జేసేది?"

సరే, ముందు సెన్సారు చూద్దామనుకున్నాను. ఇంజనులో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కనిపెట్టి, తీగ గుండా మీటరుకూ, కాగితే హారను మోగించి ఇంజనును ఆపేసే, సీటు వెనక ఉండే కంట్రోలు పెట్టెకూ చెప్పేది అదే. ప్లగ్గు పీకి, సెన్సారుకు నా చేతి మీటరు తగిలించి, ఇంజను నడిపించాను. వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చింది, అలాగే తగ్గాలి. అంటే సెన్సారు బాగుంది. కొత్తదే, ఎవరో ఈమధ్యే మార్చినట్టున్నారు. కానీ ఒక సంగతి చూసి నాకు ఒళ్ళు మండింది. ప్లగ్గు నా చేతిలోనే ఉంది, క్యాబిన్‌లో ముల్లు మాత్రం సగం దగ్గరే కదలకుండా నిలబడి ఉంది. సెన్సారే లేనప్పుడు అది ఎవరి మాట విని సగం చూపిస్తున్నట్టు?

దారిలో ఎక్కడో ఎవడో తీగ కోసి మోసం చేశాడు. ఇక మొదలుపెట్టాను తిట్లు. "ఏ ఎదవ జేసినాడో! వానికి ఇంట్లో అన్నం ఎట్ట దిగతాదో!" అంటూ తీగల కట్టను ఇంజను నుంచి వెనక్కి తడుముకుంటూ పోయాను. ఎండ నడినెత్తికి వస్తోంది. కాంట్రాక్టరు నా తిట్లకు నవ్వుతూ వంత పాడుతున్నాడు.

సీటు వెనక రేకు విప్పాను. కంట్రోలు పెట్టెకు జానెడు దూరంలో రెండు తీగల మీద నల్లగా, ఉబ్బుగా ఒక చుట్టు కనపడింది. టేపు కాదు. సైకిలు ట్యూబు పేలిక.

దాన్ని వేళ్ళతో తడిమి చూశాను.

టేపు జిగురు మన ఎండలకు కరిగిపోతుందని, పాత ట్యూబును సన్నగా కోసి చుట్టడం నా గురువు దగ్గర నేర్చుకున్నాను. అలా చుట్టేవాళ్ళు ఇంకా ఉండొచ్చు. కానీ నాది ఎడమ చేతివాటం. నా చుట్టు అందరి చుట్టుకూ ఎదురు తిరిగి ఉంటుంది, కొస లోపలికి దోపి ఉంటుంది. ఇది అలాగే ఉంది. సగం విప్పి చూస్తే వేరుశనగ గింజంత రెసిస్టరు, కరెంటును ఎప్పుడూ ఒకే కొలతలో అడ్డే ముక్క. సెన్సారు నుంచి వచ్చే తీగలు కోసేసి, ఆ గింజను పెట్టె వైపు తీగలకు అతికించి ఉంది. ఇంజను కాలి బూడిదైనా మీటరు సగమే చూపిస్తుంది.

అంతకు మూడేళ్ళ ముందు ఒక గ్రానైటు క్వారీలో నేను చేసిన పని అది. అప్పుడు సెన్సారు పాడై, చల్లటి ఇంజను కాగిందని అబద్ధం చెబుతూ బండిని మాటిమాటికీ ఆపేసేది. మద్రాసు నుంచి కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులకని ఇది పెట్టాను. ఈలోపు ఇంకో పని వచ్చింది, పోయాను. మళ్ళీ వెళ్ళలేదు. గుర్తుకూడా రాలేదు. బండి చేతులు మారింది, రంగు మారింది.

కిందికి దిగి నీళ్ళు తాగాను. బండి చుట్టూ ఊరికే రెండుసార్లు తిరిగాను. రేపొస్తానని చెప్పి స్కూటరెక్కేద్దామా అనిపించింది. సిగ్గుకంటే ముందు భయమే వేసింది.

కాంట్రాక్టరు క్యాబిన్‌లోకి ఎక్కి, సగం విప్పిన చుట్టు చూసి రెసిస్టరు సంగతి అడిగాడు. చెప్పాను. వెంటనే పెద్దాయన మీదికి తిరిగాడు.

"సూసినావా! బండి ఆగకుండా ఉండాలని ఈయనే పెట్టించినాడు. ఆపరేటర్లు జేసే పనే ఇది!"

పెద్దాయన సంచి భుజాన తగిలించుకుని లేచాడు. అలా లేవడం ఆయనకు అలవాటైనట్టుంది.

"ఆయన కాదన్నా," అన్నాను. "నేను."

కాంట్రాక్టరుకు అర్థం కాలేదు. నా పనిముట్ల సంచిలోంచి ట్యూబు పేలికల కట్ట తీసి, ఒకటి ఎడమ చేత్తో ఇంకో తీగకు చుట్టి చూపించాను. ఆ తీగను పాత చుట్టు పక్కన పెట్టుకుని చూశాడు. పొద్దుటి నుంచి నేను తిట్టిన తిట్లలో ఒక్కటైనా తిరిగి అంటాడనుకున్నాను. తీగ నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు.

గింజ పీకేసి సెన్సారు తీగలు కలిపాను. ఇంజను వేస్తే ముల్లు అడుగు నుంచి లేచి, సగం దాటి, పైకి పోయింది. క్యాబిన్‌లో హారను కుయ్యిమంది. ఆపి, చల్లారాక మూత తీసి చూస్తే రేడియేటరు లోపలంతా తుప్పు పేరుకుని నీళ్ళు తిరగడం లేదు. నా గింజ లేకపోతే మొదటిరోజే ఈ హారను మోగేది.

"సంచి లోపల పెట్టు పో," అన్నాడు కాంట్రాక్టరు పెద్దాయన వైపు చూడకుండా.

నేను వచ్చేయొచ్చు. కానీ కాళ్ళు కదల్లేదు. ఇంజను బోరు చేయించారన్న మాట పొద్దుటి నుంచీ వింటూనే ఉన్నాను, అది అప్పుడు తగిలింది: అంటే ఇంతకుముందు కూడా ఈ ఇంజను కాగి పట్టేసి ఉండాలి.

"అన్నా, నువ్వు కొనకముందు దీన్ని నడిపినాయన యాడుండాడు?"

"ఎవురికి తెలుసు? ఇంజను సీజు జేసినాడని తరిమేసినారంట. అందుకే గదా నాకు సౌకగా వచ్చింది."

ఆ మనిషి పేరడిగాను. అదీ కాంట్రాక్టరుకు తెలియదు.