నా ప్రోగ్రామ్‌ను మాత్రం కదపొద్దు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. ఈలోపు పెళ్లయింది, పిల్లలు పెరిగారు, మౌలాలిలో ఇల్లు కట్టుకున్నాను, నలుగురికీ పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. అయినా ఎవరైనా నన్ను మంచివాడంటే చాలు, ఆ పూట అన్నం సయించదు. మీరెవరో నాకు తెలియదు. రేపు ఎదురుపడితే మీ ముందు తల దించుకోవలసిన పని లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు.

అప్పట్లో సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో పరిశోధన చేసేవాణ్ణి. పేరు వద్దు. మా ల్యాబ్‌లో పాత కంప్యూటర్లన్నిటినీ కలిపి ఒక్కటిగా పని చేయించేవాళ్లం. ఒకదాని మీద పని ఎక్కువై పక్కది ఖాళీగా కూర్చుంటే, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఉన్నదున్నట్టు ఎత్తి ఆ ఖాళీదానిలో దించాలి. ఆగిన చోటి నుంచే అది మళ్లీ నడవాలి. ఇలా పనిని సమానంగా పంచే వ్యవస్థ రాయడమే నా పరిశోధన. సమానంగా! ఆ మాట రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

నా పక్క కుర్చీ స్వరూపక్కది. మెట్టుగూడ మనిషి, నాకంటే పెద్దది, రైల్వేలో చేసి రిటైరైన తండ్రికి ఒక్కతే కూతురు. పెద్ద వాన పడితే బొల్లారం వైపు నుంచి దిగే నీళ్లు ఏ నాలాలో ఎంత చేరతాయో, ఏ బస్తీ మునుగుతుందో ముందే చెప్పే ప్రోగ్రామ్ ఆమెది. ఒకసారి మొదలుపెడితే రోజుల తరబడి నడిచేది. ఆమె తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేది.

ఒకరోజు నా సొంత ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారాక ఫలితాల్లో కొన్ని వరుసలు కనబడలేదు. వెతికితే తప్పు దొరికింది. ఇల్లు మారేవాళ్లు సామానంతా బండికెక్కించి పొయ్యి మీది పాలు మరిచిపోయినట్టు, ఫైలులోకి ఇంకా చేరని కాసిని అంకెలను నా వ్యవస్థ పాత కంప్యూటర్‌లోనే వదిలేస్తోంది. ప్రతిసారీ కాదు. అప్పుడప్పుడు.

దిద్దాలంటే నెలల పని. ఒక్క అంకె కూడా పోదని రాసిన పేపర్ అప్పటికే పంపేశాను. ఆ పేపర్ వల్లనే నాకు ఉద్యోగం రాబోతోంది. మా గైడ్ సార్ ప్రోగ్రామ్‌ను ఎవరూ కదపకూడదన్నది మా ల్యాబ్‌లో అలవాటు. దాని కోసం వ్యవస్థలో ముందే ఒక మినహాయింపు పెట్టి ఉంచాను. ఆ రోజు సార్ పేరు పక్కన నా పేరు కూడా చేర్చుకున్నాను. అంతే. టీ చల్లారేలోపు అయిపోయింది.

రోజుల తరబడి నడిచేవి మా ముగ్గురివే. ఇక కదపడానికి ఎవరి ప్రోగ్రామ్ మిగిలింది? అది నాకు తోచలేదా? తోచింది. సార్‌దీ నాదీ కూర్చున్నచోటే కూర్చుంటే, పని ఎక్కువైనప్పుడల్లా స్వరూపక్క ప్రోగ్రామే మూటాముల్లె సర్దుకుని ఊరేగింది. తిరిగినకొద్దీ దాని అంకెలు రాలిపోయాయి. కురిసిన నీళ్లకూ పారిన నీళ్లకూ పొంతన కుదరలేదు. ఒకే వాన, ఒకే ప్రోగ్రామ్, నడిపిన ప్రతిసారీ వేరే జవాబు. సార్ అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డారు, పనిలో శ్రద్ధ లేదన్నారు. నేను తెర మీదికి చూస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తమ్మీ, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. నా ప్రోగ్రామ్ అటిటు మారినప్పుడే నీళ్లు తక్కువైతున్నయ్ అనిపిస్తుంది. నువ్వు రాసిన దాంట్ల ఏమన్న గడ్‌బడ్ ఉందా? జెర చూస్తవా?"

"లేదక్కా. నా ప్రోగ్రామ్ సుత అండ్లనే నడుస్తుంది గదా. ఒక్క అంకె పోతలేదు."

"అవునా... అయితే తప్పు నా తాననే ఉన్నట్టుంది. నిన్ను ఉత్తగనే పరేషాన్ జేసిన."

నేనన్నదాంట్లో ప్రతి మాటా నిజమే. నాది అందులోనే నడుస్తోంది, ఒక్క అంకె పోవడం లేదు. కదిలితే కదా పోవడానికి! నిజాలతోనే ఇంత పెద్ద అబద్ధం ఆడవచ్చని అప్పుడే తెలిసింది. ఆమె తిరిగి నాకే క్షమాపణ చెప్పి లేచి వెళ్లింది.

ఆ తర్వాత తన ప్రోగ్రామ్‌ను వరుస వెంట వరుస చదివింది. లేని తప్పు కోసం వెతుక్కునే మనిషి రోజురోజుకూ ఎలా కుంగిపోతుందో, తన తెలివి మీద తనకే ఎలా అనుమానం పుడుతుందో, చివరికి చిన్న కూడికను కూడా ఎలా మళ్లీ మళ్లీ చేసి చూసుకుంటుందో పక్క కుర్చీలోంచి చూశాను. ఆమె పరిశోధన గడువు ముగిసింది. వదిలేసి వెళ్లిపోయింది. నాకు డాక్టరేట్ వచ్చింది, ఆమె ఫోన్ చేసి సంబరపడింది.

ఆమె వెళ్లాక తప్పు దిద్దాను. ఎందుకో ఆమె ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపాను. ఒక్క అక్షరం మార్చలేదు. నీళ్లు సరిగ్గా సరిపోయాయి. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెబితే, నీకెప్పటి నుంచి తెలుసు అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ఇప్పటికీ భయమే.

ఈమధ్య మెట్టుగూడ మెట్రో స్టేషన్ దగ్గర కనిపించింది. ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తోందట. కూతురు కంప్యూటర్లు చదువుతానంటే వద్దందట. అది మన రక్తంలో లేదు, నేను చూసి వచ్చిన అని నచ్చజెప్పిందట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వి, రైలు వస్తోందని మెట్లెక్కేశాను. నాలాంటివాణ్ణి ఏమనాలి?

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. నాది పోదు. చెప్పవలసిన మనిషికి చెప్పకుండా మీకు చెబుతున్నాను కదా, ఎలా పోతుంది? అయినా ఒక్కసారి రాసుకోనివ్వండి. స్వరూపక్కా, నీ ప్రోగ్రామ్‌లో ఏ తప్పూ లేదు. తప్పు నాది, అది నువ్వు అడిగేనాటికే నాకు తెలుసు.

రాశాను. ఇన్నేళ్లకు గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. అక్కడ ఆ అమ్మాయి ఇంకా తల్లి మాటే నమ్ముతోంది.