ఆఖరి ధారలు

మా గేదె దున్నదూడను ఈనింది. పెయ్య పుడితే ఇంట్లో పండగే గానీ, దున్న పుడితే కొన్నాళ్లు ఉంచి కోతకు అమ్మేస్తారు. వీణ్ని మాత్రం అమ్మనివ్వకూడదని పంతం పట్టాను. తల్లి పాలు, వెన్న శాతం బాగుంటే దున్నదూడను విత్తనపు పోతుగా పెంచడానికి పశుసంవర్ధక శాఖవాళ్లు తీసుకుంటారని తెలిసి, పాలు నమోదు చేసే ఉద్యోగిని మా పాకకు రప్పించాను.

ఆయన నెలకోసారి వచ్చి పాలు తూచి, సీసాలో నమూనా పట్టుకెళ్లేవారు. పాలకు లోటు లేదు, వెన్న శాతమే తక్కువ వచ్చేది. "వచ్చే నెలా ఇంతే వస్తే దూడను తీసుకోరండి," అన్నారు. మా ఆయన బేరగాడికి కబురు పెడతానన్నారు. నాకు ఒళ్లు మండింది. తవుడు, తెలగపిండి, పిల్లిపెసర మేసే గేదె పాలు పల్చనెందుకవుతాయి?

మర్నాడు అత్తయ్యగారు పాలు తీస్తుంటే పక్కనే నిలబడి చూశాను. దూడ కుడిచి గేదె పాలు చేపగానే వాణ్ని కట్టేసి పితికారు. పొదుగులో ఇంకా పాలుండగానే లేచి, వాణ్ని మళ్లీ వదిలేశారు. ఆఖరి పాలే కదా చిక్కన! వెన్నంతా వాడి పొట్టలోకే పోతోంది. తన చావుకి తనే ముహూర్తం పెట్టుకుంటున్నాడు వెధవ.

ఉద్యోగికి ఫోన్ చేస్తే, "పొదుగు ఖాళీ అయ్యేదాకా తీస్తేనే సరైన లెక్కండి," అన్నారు.

అదే అత్తయ్యగారికి చెప్పాను. "ఆఖరి ధారలు దూడవమ్మా. అవీ పిండుకుంటే మనం మనుషులమేనా?" అన్నారావిడ.

"ఆ నాలుగు గుక్కలే వాడి పీక మీదకి తెస్తున్నాయండి. కొలిచే రోజు ఒక్కపూట ఆపండి," అన్నాను.

కొలిచే రోజున దూడ పలుపు నా చేతికే చుట్టుకుని నిలబడ్డాను. వాడు తల్లి కోసం అరుస్తూ గుంజుతుంటే అరచెయ్యి ఒరుసుకుపోయింది. వదల్లేదు. అత్తయ్యగారు ముక్కు ఎగబీలుస్తూనే చివరి చుక్కదాకా పితికారు. ఉద్యోగి పొదుగు తడిమి చూసి, తలూపి, సీసా నింపుకున్నారు.

ఈసారి శాతం సరిపోయింది. కొన్నాళ్లకు దూడ కోసం బండి వచ్చింది. వాణ్ని ఎక్కిస్తుంటే పాకలోంచి గేదె ఒకటే అరుపు. నాకూ దుఃఖం ఆగలేదు.

"అక్కడ వాడికి తల్లుండదు కదమ్మా," అన్నారు అత్తయ్యగారు.

"ఉండదండి," అన్నాను, కళ్లు తుడుచుకుని. "వాడుంటాడు."