వెల్డింగ్ ప్లగ్

నేపర్‌విల్ నుంచి మినియాపోలిస్‌కి మా ఎలక్ట్రిక్ ట్రక్‌లో బయలుదేరినప్పుడు, చలికి ఛార్జ్ ఎంత త్వరగా తగ్గుతుందో నేను సరిగా అంచనా వేయలేదు. విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది, బ్యాటరీలో తొమ్మిది శాతమే మిగిలింది. అక్కడున్న ఒక్క ఛార్జరూ పనిచేయడం లేదు. తర్వాతది నలభై మైళ్ల దూరం. బయట మైనస్ పది డిగ్రీలు. ఛార్జ్ మిగులుతుందని హీటర్ ఆపేశాను. వెనక సీట్లో మా ఆరేళ్ల పాప దగ్గుతోంది.

"హీటర్ ఆన్ చెయ్యి, దాని చేతులు చల్లబడిపోయాయి," అంది నా భార్య స్వాతి.

ఎదురుగా ఒక ఫార్మ్‌హౌస్ ఉంది. ఈ దేశంలో తెలియనివాళ్ల తలుపు తట్టాలంటే, తుపాకీతో ఎదురొస్తారేమోనని నాకు భయం. రెండు చేతులూ కనబడేలా నిలబడి తట్టాను. డెబ్బై ఏళ్లావిడ తలుపు తీసి, నేను చెప్పింది పూర్తిగా వినకుండానే ట్రక్ వైపు చూసింది.

"షెడ్‌లో మా ఆయన వెల్డింగ్ మిషన్ ప్లగ్ ఉంది. పనికొస్తుందా?"

పనికొచ్చింది. మామూలు ప్లగ్ కంటే దాంట్లో కరెంట్ ఎక్కువ వస్తుంది, ట్రక్‌ని దానికే ఛార్జింగ్ పెట్టాను. మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి, సూప్ వేడిచేసి ఇచ్చి, ఆవిడ కోటు వేసుకుంది.

"నాకు చర్చిలో పనుంది, సాయంత్రం దాకా రాను. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా లాగండి. తాళం అక్కర్లేదు."

ముక్కూమొహం తెలియని మాకు ఇల్లు వదిలేసి ఆవిడ వెళ్లిపోయింది. ఎవరైనా వచ్చి మీరెవరని అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఛార్జింగ్ అయ్యే మూడు గంటలూ కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

బయలుదేరే ముందు స్వాతి గిన్నెలు కడిగి, థాంక్స్ చెబుతూ చీటీ రాయబోయి ఆగింది.

"ఆవిడ పేరేంటి?"

నాకు తెలియదు. ఆవిడా మా పేర్లు అడగలేదు. పాప పెన్ను లాక్కుని, 'డియర్ ఆంటీ' అని మొదలుపెట్టింది.